గ్యాస్ తినేది పప్పు కాదు, నీళ్లు

సిలిండర్ అనుకున్నదానికంటే పది రోజులు ముందే ఖాళీ అయితే అనుమానం మొదట తూకం మీదికి పోతుంది, ఆ తర్వాత వచ్చిపోయిన చుట్టాల మీదికి పోతుంది. పొయ్యి మీద అసలేం జరుగుతోందన్న దాని మీదికి మాత్రం పోదు. వంటింట్లో కాలే గ్యాస్‌లో బియ్యానికీ పప్పుకూ నిజంగా పట్టేది కొంచెమే. మిగిలిందంతా నీళ్లను కాచడానికి, కాగిన నీళ్లను ఆవిరి చేసి కిటికీలోంచి బయటికి పంపడానికి పోతుంది. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో వాడే నీళ్ల తీరు, తినే తిండి, కాసే ఎండ చూస్తే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పవచ్చు.

లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరుగు దాకా తేవాలంటే సుమారు 293 కిలోజౌల్స్ వేడి కావాలి. అవే నీళ్లను మరిగిన తర్వాత పూర్తిగా ఆవిరి చేయాలంటే 2,257 కిలోజౌల్స్ కావాలి, అంటే ఏడున్నర రెట్లకు పైనే. ఎల్‌పీజీ కిలో కాలితే వచ్చే వేడి దాదాపు 46 వేల కిలోజౌల్స్. అందులో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలని స్టవ్‌ల ప్రమాణం ఐఎస్ 4246 చెబుతుంది. అది పరీక్షగదిలో వచ్చే అంకె. గాలి, మసి, చిన్న గిన్నె కింద పెద్ద మంట ఉండే మామూలు ఇంట్లో 60 శాతం అనుకోవడం న్యాయం. ఆ ప్రకారం లీటరు నీళ్లు మరగడానికి 11 గ్రాముల గ్యాస్ చాలు. అవే ఆవిరైపోతే మరో 80 గ్రాములు పోయినట్టే.

మరుగుతున్న నీళ్ల కింద మంట ఎంత పెంచినా వాటి వేడి పెరగదు. వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ ఇంకో డిగ్రీ తక్కువకే మరుగుతాయి. కళపెళా మరిగే గిన్నెలో పప్పు త్వరగా ఉడుకుతుందని అనిపిస్తుంది గానీ, సన్నని మంట మీద బుడగలు మెల్లగా లేచే గిన్నెలోనూ అంతే సేపటికి ఉడుకుతుంది. తేడా ఆవిరిలోనే ఉంటుంది.

పావుకిలోకు కాస్త తక్కువగా, 200 గ్రాముల కందిపప్పును మూడింతల నీళ్లు పోసి కుక్కర్‌లో పెట్టారనుకుందాం. పప్పు, నీళ్లు, కుక్కర్ ఒళ్లు, అన్నీ వేడెక్కడానికి కలిపి 15 గ్రాముల గ్యాస్ సరిపోతుంది. అదే పప్పును మూతలేని గిన్నెలో ముప్పావుగంట పెద్దమంట మీద ఉడికిస్తే, మధ్యలో మళ్లీ మళ్లీ పోసిన నీళ్లలో అరలీటరు ఆవిరైనా ఆ ఆవిరికే 40 గ్రాములు పోతుంది. మూత పెట్టమని పెద్దవాళ్లు చెప్పేది దుమ్ము పడుతుందని కావచ్చు. లెక్క ప్రకారం మాత్రం ఆ మూతే వంటింట్లో అన్నిటికంటే ఎక్కువ గ్యాస్ మిగిల్చే వస్తువు.

కుక్కర్ ఉన్న ఇళ్లలోనూ వృథా ఉంది, దానికి కారణం విజిల్స్ లెక్క. "నాలుగు విజిల్స్ రాంగానే దించెయ్" అనేది ఇప్పుడు వంటలో కొలమానమైపోయింది. విజిల్ వచ్చిందంటే లోపల ఒత్తిడి ఉండాల్సినదానికంటే ఎక్కువైంది, ఎక్కువైన ఆవిరిని కుక్కర్ బయటికి తోసేస్తోంది అని అర్థం. మామూలు కుక్కర్‌లో బయటి గాలికంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, అక్కడ నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. పప్పును ఉడికించేది ఆ 120 డిగ్రీల దగ్గర అది గడిపిన సమయం. కూత ఎన్నిసార్లు వచ్చిందన్నదానితో పప్పుకు పనిలేదు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, నానిన కందిపప్పుకు గడియారం చూసి ఎనిమిది పది నిమిషాలు ఉంచితే చాలు. విజిల్ మళ్లీ రాకపోయినా టెన్షన్ పడాల్సిన పనిలేదు, లోపల వేడి అలాగే ఉంటుంది. ఆపేసిన తర్వాత ఒత్తిడి దానంతట అది దిగేదాకా వదిలేస్తే ఇంకో పది నిమిషాలు పైసా ఖర్చు లేకుండా ఉడుకుతుంది. ఆత్రంగా కొళాయి కింద పెట్టి మూత తీసే అలవాటు ఆ పది నిమిషాల వేడిని సింకులో పోయడమే.

ఇక్కడే సీమ ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. "బోరునీళ్లకు పప్పు ఉడకదు" అనే మాట అనంతపురం, కడప పల్లెల్లో తరచూ వినిపిస్తుంది. ఇది వట్టి నమ్మకం కాదు. పప్పుగింజలో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు పదార్థం పెక్టిన్. ఉడకడమంటే ఆ జిగురు కరిగి కణాలు విడిపోవడమే. గట్టినీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. అవి పెక్టిన్‌తో కలిసి ఆ జిగురును ఇంకా బిగిస్తాయి. అందుకే బోరునీళ్లలో గంటసేపు కాగినా పప్పు పలుకులు పలుకులుగానే ఉంటుంది, ఎనిపితే మెదగదు. గిన్నె అంచున తెల్లగా పేరుకునే చార, టీ మీద తేలే సన్నని పొర చూస్తే ఆ నీళ్ల తత్వం తెలిసిపోతుంది. అలసందలు, శనగలు, ఉలవల్లాంటి పొట్టు గింజలకైతే ఈ బాధ మరీ ఎక్కువ.

దీనికి చాలామంది చేసేది చిటికెడు సోడా వేయడం. పప్పు త్వరగా మెత్తబడే మాట నిజమే, కానీ పప్పులో ఉండే బీ1 విటమిన్ అందులో చాలావరకు పోతుంది. అంతకంటే తేలిక దారి నీళ్లు మార్చడం. పప్పు నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ మాత్రం మంచినీళ్ల కొళాయి నీళ్లో, తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్లో వాడితే సరి. 20 లీటర్ల క్యాన్ 20 రూపాయలు అనుకున్నా అరలీటరుకు పడేది అర్ధరూపాయి. దానితో తగ్గే ఉడుకు సమయం అంతకు మించి గ్యాస్ మిగులుస్తుంది. నానబెట్టేటప్పుడు బోరునీళ్లు, ఉడికించేటప్పుడు మంచినీళ్లు అంటే కుదరదు. నానేటప్పుడే కాల్షియం గింజలోకి పోతుంది.

పులుపు చేసేదీ ఇలాంటి పనే. చింతపండు, గోంగూర, చుక్కకూర, టమోటా మొదట్లోనే పప్పుతో కలిపి పెడితే ఆ పులుపులో పెక్టిన్ కరగడానికి మొరాయిస్తుంది. సీమ పప్పులో పులుపు లేకపోతే అన్నం దిగదు కాబట్టి మానేయమనడం అయ్యే పని కాదు. పప్పు మెత్తబడ్డాక పులుసు పిండి, ఒక పొంగు రానిచ్చి ఎనిపితే రుచికి లోటేమీ ఉండదు. అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పడేస్తే పని తగ్గుతుందనే వాదన ఉంది. పని తగ్గే మాట నిజమే, గ్యాస్ మాత్రం తగ్గదు.

అన్నం విషయంలో గంజి వార్చే పద్ధతిని తిట్టడం ఈమధ్య మామూలైపోయింది. కిలో బియ్యానికి అత్తెసరుకు రెండు లీటర్ల నీళ్లు పడితే, వార్చడానికి నాలుగు లీటర్లకు పైనే పోస్తారు. ఎక్కువ పోసిన రెండు రెండున్నర లీటర్లను మరిగించి పారబోయడానికి 25 గ్రాముల గ్యాస్ అవుతుంది, బీ విటమిన్లు కొన్ని గంజితోపాటు పోతాయి. టౌన్‌లో గంజి సింకులోకే పోతుంది కాబట్టి అక్కడ ఇది ముమ్మాటికీ నష్టం. గేదె ఉన్న ఇంట్లో లెక్క వేరు. ఆ గంజి కుడితిలోకి పోతుంది, లేదా ఇంత ఉప్పేసి మనుషులే తాగుతారు. అలాంటి ఇంటికి వెళ్లి వార్చడం మానండి అని ఉపన్యాసం ఇవ్వడంలో అర్థం లేదు.

రాగిసంగటి తయారీ చూస్తే ఇంధనం పొదుపు సీమకు కొత్త పాఠమేమీ కాదని తెలుస్తుంది. ఎసట్లో పోసిన బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని నడిమధ్య కుప్పగా పోసి, కలపకుండా, మూతపెట్టి మంట తగ్గిస్తారు. పిండి మధ్యలో తెడ్డు కొసతో ఒక బొక్క పొడిస్తారు, కింది ఆవిరి దాని గుండా పైకి వచ్చి పిండంతా పట్టేస్తుంది. పదిపదిహేను నిమిషాల తర్వాత దించి గెలికితే ఉండ కట్టదు. కట్టెలపొయ్యి కాలంలో ఈ రెండో భాగమంతా నిప్పుల సెగ మీదే నడిచేది. గ్యాస్ మీదికి వచ్చాక సిమ్‌లో పెట్టడం మరిచి, మాడు వాసన వచ్చేదాకా పెద్దమంట మీదే ఉంచే ఇళ్లు కనిపిస్తున్నాయి. పిండి పోసిన ఐదు నిమిషాలకు స్టవ్ ఆపేసి, గిన్నెను చుట్టకుదురు మీద పెట్టి పాత కంబళి కప్పినా సంగటి సిద్ధమవుతుంది. ఏ గిన్నెనైనా దించి నేరుగా కడపబండ మీద పెడితే ఆ రాయి వేడిని గబగబా లాగేస్తుంది. చుట్టకుదురు గిన్నెను నిలబెట్టడంతో పాటు ఆ వేడినీ కాపాడుతుంది. కప్పిపెట్టిన తిండిని వేడివేడిగా ఉండగానే తినాలి, గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే చెడిపోతుంది.

టిఫిన్ల సంగతికొస్తే ఉగ్గానికి సాటి వచ్చేది లేదు. బొరుగులు భట్టీలో ముందే వేగి వచ్చాయి. ఇంట్లో చేసేది చల్లనీళ్లలో తడిపి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి పుట్నాలపొడి చల్లడమే. ఏడెనిమిది నిమిషాల మంట. పక్కన మిరపకాయ బజ్జీ కావాలంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

బర్నర్ సంగతులు అందరికీ తెలిసినవే. మంట నీలంగా ఉండాలి, పచ్చగా వచ్చి గిన్నెకు మసి పడుతుంటే బొక్కలు పూడుకున్నట్టు. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకిందంటే ఆ మేరకు గదిని వేడి చేస్తున్నట్టే. గిన్నె అడుగు తుడిచి పెట్టమనే సలహా తప్పేమీ కాదు గానీ, అంటుకున్న తడి ఆరడానికి పట్టేది ఒక గ్రాము గ్యాస్ అంతే. దానికి పడే ఆరాటం మూత మీద పడితే మేలు. అనంతపురం వైపు ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఆషాఢం గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు వెలిసింది ఊరికే కాదు. ఆ నెలల్లో స్టవ్ పక్క కిటికీ బార్లా తీసి ఉంటే మంట ఒక పక్కకు వాలిపోయి గిన్నె అడుగున సగానికే తగులుతుంది. తలుపులన్నీ మూసేస్తే ప్రమాదం, గ్యాస్ లీకైతే పోయే దారి ఉండదు. స్టవ్‌కు గాలివాటం పక్కన ఒక రేకు అడ్డం పెట్టి, కిటికీ తీసే ఉంచడం సరైన పని.

ఇంతవరకు వంట. ఇంధనం లెక్కలో దాదాపు దానంత పెద్ద ఖర్చు స్నానాల గది దగ్గర ఉంది, దాన్ని వంటతో పోల్చి చూసేవాళ్లు తక్కువ. మార్గశిర పుష్యాల్లో తెల్లవారుజామున తొట్టినీళ్లు 22 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుంటే, 20 లీటర్ల బకెట్‌ను 42 డిగ్రీలకు తేవడానికి దాదాపు అరయూనిట్ వేడి కావాలి (కరెంటు మీటరు యూనిట్ అంటే 3,600 కిలోజౌల్స్). నలుగురి స్నానాలకు రోజుకు రెండు యూనిట్లకు కాస్త తక్కువ. అదే ఇంట్లో సిలిండర్ నలభై రోజులు వస్తే, వంట గిన్నెలకు చేరే వేడి రోజుకు రెండు ముప్పావు యూనిట్ల లోపే. అంటే చలికాలంలో నాలుగు బకెట్ల నీళ్లు మూడుపూటల వంటకయ్యే వేడిలో మూడింట రెండొంతులు తాగేస్తాయి. ఈ నీళ్లను వంట గ్యాస్ మీదే కాస్తే సిలిండర్ పది రోజులు ముందే ఖాళీ అవడంలో ఆశ్చర్యమేముంది?

సగం కాగు సలసలా కాచి చల్లనీళ్లు తొరిపితే మేలా, మొత్తం గోరువెచ్చగా కాస్తే మేలా అనే వాదులాట కొన్ని ఇళ్లలో ఉంటుంది. నీళ్లలోకి చేరే వేడి రెండింట్లోనూ ఒకటే. సలసలా కాగేదాకా మూత లేకుండా ఉంచితే పైనుంచి పోయే ఆవిరి మాత్రం నష్టం. తేల్చేది చివరికి ఒంటి మీద పోసుకునే నీళ్లు ఎన్ని, ఎంత వేడి అన్నదే. గీజరుదీ అంతే. 15 లీటర్ల గీజరు 60 డిగ్రీలకు చేరితే, చల్లనీళ్లు కలిపాక 28 లీటర్ల గోరువెచ్చటి నీళ్లు వస్తాయి. 2 కిలోవాట్లదైతే దానికి ఇరవై నిమిషాలు చాలు. రాత్రంతా ఆన్‌లో ఉంచితే తొట్టి చల్లబడటం, మళ్లీ వేడెక్కడం, ఆ వంతుకు మీటరు తిరగడం.

హీటర్ రాడ్ గురించి ఒక అపోహ ఉంది. బోరునీళ్లకు రాడ్ మీద సున్నం పేరుకుంటే కరెంటు ఎక్కువ కాలుతుందంటారు. రాడ్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి దానిలో పుట్టిన వేడి నీళ్లలోకి తప్ప ఎక్కడికీ పోదు. సున్నం పట్టినందువల్ల బిల్లు పెద్దగా పెరగదు. రాడ్ లోపలి తీగ మాత్రం అతిగా వేడెక్కి త్వరగా కాలిపోతుంది. సున్నం గీకేది రాడ్ ఆయుష్షు కోసమే. గ్యాస్ మీద కాచే గిన్నెకు ఈ మాట వర్తించదు. అక్కడ అడుగున సున్నం పేరుకుంటే మంట వేడి నీళ్లకు అందకుండా పక్కలకు పోతుంది. రాడ్ వాడేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్ పీకిన తర్వాతే నీళ్లలో వేలు పెట్టాలి. కాగాయో లేదో చూడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

తాగే నీళ్లను పదిహేను నిమిషాలు మరిగించాలనే నియమం కూడా గ్యాస్‌ను ఊరికే తింటోంది. సూక్ష్మజీవులు చావడానికి నీళ్లు తెర్లుతూ ఒక్క నిమిషం మరిగితే చాలు. ఐదు లీటర్లను మరుగు దాకా తేవడానికి 53 గ్రాముల గ్యాస్ పడితే, ఆ పైన పది నిమిషాలు పెద్దమంట మీద ఉంచడానికి ఇంకో పాతిక గ్రాములు పడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న అనంతపురం నీళ్ల విషయంలో ఇది అసలుకే మోసం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన వాటిలో దాని పాలు పెరుగుతుంది.

గ్యాస్ చవకా, కరెంటు చవకా? దీనికి ఇంటికొక జవాబు, ఇంకా చెప్పాలంటే నెలకొక జవాబు. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్లు. అందులో గిన్నెకు చేరేది 108. సిలిండర్ 900 రూపాయలనుకుంటే పనికొచ్చిన యూనిట్ ఒక్కొక్కటి ఎనిమిది రూపాయల పైచిలుకు పడుతుంది. ఇండక్షన్ స్టవ్ 85 శాతం వేడిని గిన్నెకు ఇస్తుంది కాబట్టి, మీటరు యూనిట్ ధర ఏడు రూపాయల లోపు ఉన్నంతవరకు కరెంటే చవక. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. చూడాల్సింది సగటు ధర కాదు, ఇంటి వాడకంలో చివరి యూనిట్లు ఏ స్లాబులో పడుతున్నాయన్నది. చలికాలంలో ఫ్యాన్లు ఆగి బిల్లు 150 యూనిట్ల దగ్గర ఉండే ఇంటికి, మొత్తం 225 దాటనంతవరకు ఇండక్షన్, హీటర్ రాడ్ లాభం. అదే ఇల్లు ఏప్రిల్, మే నెలల్లో కూలరో ఏసీనో నడిపి 225 దాటేస్తే ఆ రెండు నెలలూ గ్యాస్ మీద వండుకోవడమే మేలు. 2024 నవంబరు 1న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా అందే కుటుంబాలకు ఈ తూకం మళ్లీ మారుతుంది. ఇద్దరే ఉండే ముసలి దంపతుల ఇంట్లో, స్నానాల నీళ్లు గ్యాస్ మీద కాచకపోతే, ఒక్కో సిలిండర్‌ను నాలుగు నెలలు సాగదీయడం అసాధ్యమేమీ కాదు. వాళ్లకు గ్యాస్ ఖర్చు సున్నా అవుతుంది.

పల్లెల్లో వంట గ్యాస్ మీద, స్నానం నీళ్లు వాకిట్లో కట్టెలపొయ్యి మీద అనే పద్ధతి నడుస్తోంది. కంపకట్టెలు, కందికట్టెలు, కర్నూలు వైపు పత్తికట్టెలు డబ్బు పెట్టకుండా దొరుకుతాయి. మూడురాళ్ల పొయ్యిలో నీళ్లకు చేరేది పది పదిహేను శాతం వేడే అయినా, ఆరుబయట కాబట్టి పొగ ఇంట్లోకి రాదు. దీన్ని వెనుకబాటు అని తీసిపారేయడానికి లేదు.

అయితే ఇంత ఎండ కాసే చోట నీళ్లు కాచడానికి ఏదో ఒకటి కాల్చడమే వింత. ఓర్వకల్లు మండలం శకునాల, గడివేముల మండలం గని ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ వెలిసింది ఈ ఎండను నమ్ముకునే. ఇక్కడ చదరపు మీటరు మీద రోజుకు సగటున ఐదు యూనిట్లకు పైగా ఎండ పడుతుంది. అందులో సగం పట్టుకున్నా, రెండు చదరపు మీటర్ల సోలార్ హీటర్ వంద లీటర్లను నలభై డిగ్రీల మేర వేడెక్కించగలదు. కొనేటప్పుడు చూసుకోవాల్సింది నీళ్ల తీరు. రాగిగొట్టాల పలకల రకంలో బోరునీళ్ల సున్నం సన్నని గొట్టాలను పూడ్చేస్తుంది. గాజుగొట్టాల రకం గట్టినీళ్లను కొంత మెరుగ్గా తట్టుకుంటుంది, అయినా ఏడాదికోసారి కడిగించక తప్పదు.

మేడ మీది హీటర్ నుంచి కింది స్నానాలగది దాకా పదిహేను మీటర్ల పైపు ఉంటే, వేడినీళ్లు వచ్చే లోపల నాలుగైదు లీటర్ల చల్లనీళ్లు వచ్చేస్తాయి. అంతే వేడినీళ్లు స్నానమయ్యాక ఆ పైపులోనే ఉండిపోయి చల్లారతాయి. ఇంట్లో వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే పోసుకుంటే ఈ నష్టం ఒక్కసారితో సరిపోతుంది. పైపుకు తొడుగు వేయించి, మొదట వచ్చే చల్లనీళ్లను వేరే బకెట్‌లో పట్టుకుంటే తొరుపుకు అవే పనికొస్తాయి.